జాతీయ ఇంధన విధానం ఎక్కడ తయారవుతుంది? దిల్లీ నుంచి బెస్కాం బిల్లు దాకా

హెబ్బాళ మాధవి

అందరికీ నమస్కారం. బెంగళూరు తెలుగువాళ్ల గ్రూపుల్లో కరెంటు ఛార్జీల మాట వచ్చినప్పుడల్లా ఒకరు "అంతా కేంద్రం విధానం" అంటారు, ఇంకొకరు "రాష్ట్రం ఉచితాల వల్లే" అంటారు. 2025 ఏప్రిల్ నుంచి బెస్కాం (బెంగళూరు కరెంటు పంపిణీ సంస్థ) బిల్లులో పింఛను, గ్రాట్యుటీ సర్‌ఛార్జి మొదలైంది, మొదటి ఏడాది యూనిట్‌కు 36 పైసలు. దాన్ని ఎవరు నిర్ణయించారో కూడా చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. దేశానికి ఇంధన విధానం అని ఒక్క పత్రం ఉందా? అందులో అంకెలు ఎలా పుడతాయి? కాగితం మీద బాగున్నది కింద ఎందుకు చెడిపోతుంది?

లోడ్‌కర్వ్

మాధవి గారూ, ఒక్క పత్రం లేదు. ప్రణాళికా సంఘం కిరీట్ పారిఖ్ అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘం 2006లో సమీకృత ఇంధన విధానం మీద నివేదిక ఇచ్చింది. 2008 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని ఆమోదించింది. తర్వాత నీతి ఆయోగ్ 2017 జూన్‌లో జాతీయ ఇంధన విధానం ముసాయిదా బయటపెట్టింది, అది ముసాయిదా దగ్గరే ఆగింది. విద్యుత్, బొగ్గు, పెట్రోలియం, పునరుత్పాదక ఇంధనం నాలుగూ వేరువేరు మంత్రిత్వ శాఖలు, అణుశక్తి విభాగం నేరుగా ప్రధాని కింద. రాజ్యాంగం చూసినా అంతే: విద్యుత్ ఉమ్మడి జాబితాలో 38వ అంశం, చమురు క్షేత్రాలు కేంద్ర జాబితాలో 53వది, కరెంటు వాడకం మీద పన్ను రాష్ట్ర జాబితాలో 53వది. వీళ్లందరి చేతా ఒకే కాగితం మీద సంతకం పెట్టించడం కష్టం.

చట్టమే రాయమని ఆదేశించిన విధానం కరెంటుది. 2003 విద్యుత్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థనూ (సీఈఏ) సంప్రదించి జాతీయ విద్యుత్ విధానం, టారిఫ్ విధానం తయారు చేయాలి. మొదటిది 2005 ఫిబ్రవరి 12న నోటిఫై అయింది. రెండోది 2006 జనవరి 6న వచ్చి, 2016 జనవరి 28న సవరణ పొందింది. ఇవి ఉత్త సలహాలు కావు. 3వ సెక్షన్ కింద వచ్చే టారిఫ్ విధానానికి చట్టబలం ఉందని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో చెప్పింది.

పని నడిచే తీరు: శాఖ ముసాయిదా రాస్తుంది, రాష్ట్రాలకు పంపుతుంది, వెబ్‌సైట్‌లో పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. చట్టాలూ నిబంధనలూ అయితే 2014 నాటి ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలి. తర్వాత కేబినెట్ నోట్ ముసాయిదా ఆర్థిక, న్యాయ, సంబంధిత శాఖలన్నిటికీ తిరుగుతుంది. ఎక్కువ మార్పులు ఇక్కడే జరుగుతాయి, ఇది మాత్రం బయటికి కనిపించదు. ఆ పైన మంత్రివర్గం, గెజిట్.

హెబ్బాళ మాధవి

> జాతీయ విద్యుత్ విధానం, టారిఫ్ విధానం

మరి జాతీయ విద్యుత్ ప్రణాళిక అని వార్తల్లో వచ్చేది వేరేనా?

సుబ్బలక్ష్మి కె.

వేరేనమ్మా. విధానం మంత్రిత్వ శాఖది. ప్రణాళిక 3(4) సెక్షన్ కింద అయిదేళ్లకోసారి సీఈఏ ఇంజినీర్లు తయారు చేసేది. 2023లో వచ్చిన మొదటి సంపుటం ఉత్పత్తి గురించి, 2024 అక్టోబరులో వచ్చిన రెండోది ట్రాన్స్‌మిషన్ గురించి. వీటికి పునాది 20వ విద్యుత్ సర్వే, 2022 నవంబరుది. దాని అంచనాలో 2031-32కు దేశం పీక్ డిమాండ్ (ఒకేసారి పడే గరిష్ఠ డిమాండ్) 366 గిగావాట్లు, ఏడాది అవసరం సుమారు 2,474 బిలియన్ యూనిట్లు.

అంకెలు పుట్టేది సర్వేలోనే కాబట్టి పద్ధతి చెప్తాను. ఒక్కో డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) వినియోగదారులను వర్గాలుగా విడదీస్తారు. ఇళ్లకు కనెక్షన్ల సంఖ్యను కనెక్షన్‌కు సగటు వాడకంతో గుణిస్తారు. పంపుసెట్లకు సంఖ్య, సగటు హార్స్‌పవర్, ఏడాదిలో నడిచే గంటలు. పెద్ద పరిశ్రమలు, రైల్వే ట్రాక్షన్, మెట్రో, ఎత్తిపోతల పథకాలకు విడివిడిగా లెక్క. వీటి మొత్తం అమ్మకాలు. దాన్ని (1 – నష్టం)తో భాగిస్తే అవసరం వస్తుంది. 100 కోట్ల యూనిట్లు అమ్మి, నష్టం 15 శాతం అయితే 117.6 కోట్లు కొనాలి. ఆ అవసరాన్ని ఏడాదిలోని 8,760 గంటలతోనూ లోడ్ ఫ్యాక్టర్‌తోనూ (సగటు డిమాండ్ పీక్‌లో ఎంత శాతమో అది) భాగిస్తే పీక్. పై జాతీయ అంకెలనే వెనక్కి లెక్కకట్టి చూడండి: 24,74,000 గిగావాట్ అవర్లను (అవే 2,474 బిలియన్ యూనిట్లు) 366 × 8,760తో భాగిస్తే లోడ్ ఫ్యాక్టర్ 77 శాతం.

ఇందులో బలహీనమైన చోటు పంపుసెట్లు. కర్ణాటకలో 10 హెచ్‌పీ దాకా సాగు కరెంటు ఉచితం, ఎక్కువ కనెక్షన్లకు మీటరు ఉండదు, నమూనా రీడింగుల మీద అంచనా వేస్తారు. సాగు వాడకాన్ని ఎక్కువ చూపిస్తే పంపిణీ నష్టం ఆ మేరకు తక్కువగా కనిపిస్తుంది. ఈ తప్పు ముందు సర్వేలోకి, అక్కణ్నుంచి ప్రణాళికలోకి, చివరికి ఛార్జీల్లోకి వెళ్తుంది. దేశమంతా ఏళ్ల తరబడి తెలిసిన సంగతే ఇది. ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి బయటికి వెళ్లే లైన్లు) విడదీసి ప్రతి ఫీడర్‌కూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మీటరు పెట్టడం తప్ప దీనికి మందు లేదు.

యశవంతపుర రవి

అక్క చెప్పింది డిమాండ్ వైపు. సరఫరా వైపు ఎలా తేలుస్తారంటే, రాబోయే ఏళ్లను గంటగంటగా పెట్టి కంప్యూటర్ మోడల్ నడుపుతారు. ఒక్కో టెక్నాలజీకి పెట్టుబడి ఖర్చు, ఇంధనం ధర, కేంద్రం ఉత్పత్తిని ఎంత వేగంగా పెంచగలదు, తగ్గించగలదు, కనీస లోడ్ ఎంత, ఏడాదిలో మెయింటెనెన్స్ రోజులెన్ని అన్నవి ఇస్తే, మొత్తం ఖర్చు తక్కువయ్యే కలయికను మోడల్ చెప్తుంది. దానికి విశ్వసనీయత షరతులు రెండు. లోడ్ (ఆ గంట డిమాండ్) తీర్చలేకపోయే సంభావ్యత 0.2 శాతం దాటకూడదు, అంటే ఏడాదికి 17న్నర గంటలు. అందించలేని విద్యుత్ మొత్తం అవసరంలో 0.05 శాతం మించకూడదు.

2031-32కు 900 గిగావాట్ల స్థాపిత సామర్థ్యం అన్న అంకె ఇలా వచ్చిందే. దాంతోపాటు 411 గిగావాట్ అవర్ల నిల్వ కావాలని తేలింది: బ్యాటరీలు 236, పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి నిల్వ చేసి, అవసరమైనప్పుడు కిందికి వదిలేది) 175. జనం 900 దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ముఖ్యమైనది 411. దేశ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదేనని 2025 జులైలో కేంద్రం ప్రకటించింది. 2030కి పెట్టుకున్న లక్ష్యం అది, అయిదేళ్ల ముందే చేరాం. అయితే అది మెగావాట్లలో సగం, యూనిట్లలో కాదు. కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కు 2,050 మెగావాట్లు కదా, 22 శాతం వినియోగ గుణకం (పూర్తి సామర్థ్యంలో ఏడాది సగటున నిజంగా వచ్చేది) వేసుకుంటే ఏడాదికి 395 కోట్ల యూనిట్లు. బొగ్గు కేంద్రం అంతే మెగావాట్లతో 70 శాతం మీద నడిస్తే 1,257 కోట్లు. పైగా సాయంత్రం ఏడు గంటలకు పావగడ నుంచి వచ్చేది సున్నా, బెంగళూరు ఇళ్లలో లోడ్ లేచేది సరిగ్గా అప్పుడే.

2023 అక్టోబరు గుర్తు చేసుకోండి. వానలు లేక జలాశయాల్లో నీళ్లు తగ్గాయి, బోర్ల మీద పంపుసెట్లు ముందే మొదలయ్యాయి. రాష్ట్రం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ వాడి ఇక్కడి ప్రైవేటు ఉత్పత్తిదారులు రాష్ట్రానికే అమ్మాలని ఆదేశించింది. ఉత్తరప్రదేశ్, పంజాబ్‌ల నుంచి ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో కరెంటు తెచ్చుకుంది. స్థాపిత సామర్థ్యం పట్టిక చూస్తే ఆ ఏడాది కర్ణాటకకు కొరతే రాకూడదు.

మడకశిర నరసింహులు

పావగడ మా పక్కనే, అందుకని ఒక మాట. దాదాపు 13,000 ఎకరాలు రైతుల దగ్గర కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి పేరు రైతుదే. కేంద్రం సోలార్ పార్కుల పథకం దిల్లీలో రాసినప్పుడు ఈ నమూనా అందులో లేదు, ఇక్కడ కుదిరింది. ఎకరాల మీద పట్టా ఉన్నోడికి కౌలు వస్తాది, కూలికి పోయేవాళ్లకు ఏం రాలేదు. తర్వాత వచ్చే పార్కులు రాసేవాళ్లు ఈ రెండో సగం కూడా చూడాల.

సుబ్బలక్ష్మి కె.

నరసింహులు గారు చెప్పిన కూలీల సంగతి ఏ మోడల్లోనూ ఒక గడిగా ఉండదు. భూమి ధర మాత్రమే ఉంటుంది.

గోదారి గ్యాస్

మూడో ప్రశ్నకు నేను చెప్తాను, ఎందుకు చెడిపోతుందో. మన ఆంధ్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. కృష్ణా గోదావరి బేసిన్ డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. 2010లో రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటింది, 80 వస్తుందని ప్రణాళిక. ఆ మాట మీద వేమగిరి, సామర్లకోట చుట్టుపక్కల గ్యాస్ కేంద్రాలు కట్టేశారు, బ్యాంకులు అప్పులిచ్చేశాయి. 2013 చివరికి ఉత్పత్తి దాదాపు ఐదో వంతుకు పడిపోయింది. వెయ్యి మెగావాట్ల కంబైన్డ్ సైకిల్ కేంద్రం పూర్తిగా నడవాలంటే రోజుకు సుమారు నాలుగున్నర మిలియన్ ఘనపు మీటర్లు కావాలి. పంపకంలో ఎరువుల కర్మాగారాలు ముందు, వంటగ్యాస్ తర్వాత, కరెంటు ఆ తర్వాత. తగ్గిన గ్యాస్ కరెంటు దాకా రాలేదు. దేశం మొత్తం మీద దాదాపు 14,300 మెగావాట్ల గ్యాస్ కేంద్రాలు ఇంధనం లేక నిలిచాయి. 2015లో దిగుమతి గ్యాస్‌కు సబ్సిడీ ఇచ్చి వేలం పెట్టారు, అది 2017 మార్చితో అయిపోయింది.

చూడండి, ఇందులో ఎవరూ తమ శాఖ నియమం తప్పలేదు. గ్యాస్ కేటాయించింది ఒక శాఖ, విద్యుత్ కేంద్రానికి అనుమతులిచ్చింది ఇంకో శాఖ, అప్పు లెక్క చూసింది బ్యాంకు. బావి నుంచి ఎంత వస్తుందన్న రిస్కు ఎవరి నెత్తిన ఉందో మాత్రం ఏ కాగితంలోనూ తేలలేదు. ఇంధన విధానం అంటే నా దృష్టిలో ఆ ఒక్కటే: తేడా వచ్చినప్పుడు డబ్బు ఎవరు కడతారో ముందే రాసిపెట్టుకోవడం. గిగావాట్ల లక్ష్యాలు దాని తర్వాతే.

లోడ్‌కర్వ్

ఇదే కోవలో కృష్ణపట్నం అల్ట్రా మెగా విద్యుత్ ప్రాజెక్టు. రిలయన్స్ పవర్ 2007లో యూనిట్‌కు 2 రూపాయల 33 పైసల రేటుకు వేలం గెలిచింది, ఇండోనేసియా బొగ్గు మీద ఆధారపడి. విద్యుత్ చట్టం 63వ సెక్షన్ కింద తక్కువ రేటు కోట్ చేసినవాడికి పని, ఇంధనం ధరను స్థిరంగా కోట్ చేస్తే ఆ రిస్కు వాడిదే. ఇండోనేసియా 2010లో ఎగుమతి బొగ్గును అంతర్జాతీయ ధరకే అమ్మాలని నియమం తెచ్చింది. లెక్క మొత్తం తారుమారై ఆ విద్యుత్ కేంద్రం కట్టనేలేదు. గుజరాత్‌లోని ముంద్రాలో అయితే కట్టాక ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పైన చెప్పిన 2017 తీర్పు అక్కడిదే: విదేశీ చట్టం మారడం ఒప్పందంలో రాసిన 'చట్టంలో మార్పు' కిందికి రాదని కోర్టు తేల్చింది.

కోరమంగళ శ్రీధర్

> తేడా వచ్చినప్పుడు డబ్బు ఎవరు కడతారో

దీనితో ఏకీభవిస్తాను. కానీ ఒక ప్రశ్న. పాతికేళ్ల పీపీఏలో (విద్యుత్ కొనుగోలు ఒప్పందంలో) యూనిట్‌కు 5, 6 రూపాయలకు సోలార్ రాసుకున్నాక మార్కెట్ రేటు రెండున్నరకు పడిపోతే, ప్రభుత్వం తిరిగి బేరం ఆడటం తప్పా? 2019లో ఆంధ్రప్రదేశ్ చేసింది అదే. జనం డబ్బే కదా.

యశవంతపుర రవి

శ్రీధర్ గారూ, ఫలితం చూసి చెప్పండి. 2019 జులైలో ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేశారు. కేసు తేలేదాకా పవన విద్యుత్‌కు 2.43, సోలార్‌కు 2.44 రూపాయలు కట్టమని హైకోర్టు మధ్యంతరంగా చెప్పింది. 2022 మార్చిలో ధర్మాసనం అది కొట్టేసి ఒప్పందం రేటే కట్టాలంది. మధ్యలో కట్టకుండా ఆపిన బకాయి అంతా ఒక్కసారి మీద పడింది. అప్పిచ్చేవాళ్లు ఆ రిస్కును తర్వాతి ప్రాజెక్టుల వడ్డీలో కలిపేస్తారు. సోలార్ ఖర్చులో ఇంధనం లేదు, ఉన్నదంతా పెట్టుబడి. మెగావాట్‌కు 4 కోట్లు పెట్టుబడి, అందులో 3 కోట్లు అప్పు అనుకోండి. వడ్డీ ఒక్క శాతం పెరిగితే మొదటి ఏడాది 3 లక్షలు అదనం, ఉత్పత్తి 19 లక్షల యూనిట్లు, అంటే యూనిట్‌కు 15 పైసల పైన. కొత్త ప్రాజెక్టులన్నిటికీ అది పడుతుంది.

కోరమంగళ శ్రీధర్

సరే, ఒప్పందం మధ్యలో ఆపడం తప్పే. అయినా పాతికేళ్లకు ఒకే రేటు రాయడం కూడా సరైన పద్ధతి కాదంటాను. సగం సామర్థ్యం దీర్ఘకాలం, సగం మార్కెట్ అని ఎందుకు పెట్టరు?

సుబ్బలక్ష్మి కె.

2023 జూన్ నాటి కేంద్రం వనరుల సమృద్ధి మార్గదర్శకాలు (డిమాండ్‌కు సరిపడా కరెంటు ముందే కుదుర్చుకోవాలన్నవి) ఆ దిశలోనే ఉన్నాయి, అయితే సగం సగం కాదు. దీర్ఘకాల ఒప్పందాలు 75 నుంచి 80 శాతం, మధ్యకాలానివి 10 నుంచి 20, మిగతాది స్వల్పకాలం. ప్రతి డిస్కం పదేళ్ల ప్రణాళిక తయారు చేసి ఏటా సరిచూసుకుంటూ పోవాలి. సగం మార్కెట్‌కు వదిలితే ఎండాకాలం రాత్రిళ్లలో విద్యుత్ ఎక్స్‌ఛేంజీలో యూనిట్ ధర గరిష్ఠ పరిమితి 10 రూపాయలను తాకుతుంది, అన్ని రాష్ట్రాలూ ఒకే గంటలో కొంటాయి గనక.

కైగా 880

బొగ్గు వైపు శాఖల మధ్య సమన్వయం ఎంత సున్నితమో అంకెల్లో పెడతాను. వెయ్యి మెగావాట్లు 85 శాతం మీద నడిస్తే రోజుకు 2.04 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 0.68 కిలోల మన బొగ్గు, అంటే సుమారు 13,900 టన్నులు. ఒక రేక్‌లో (ఒక గూడ్సు రైలులో) దాదాపు 4,000 టన్నులు పడతాయి, రోజుకు మూడున్నర రేకులు. రాయచూరు బొగ్గు కేంద్రం 1,720 మెగావాట్లకు ఆరు రేకులు రోజూ దిగాలి. గని నుంచి బొగ్గు తీసేది బొగ్గు శాఖ కిందివాళ్లు, వ్యాగన్లు రైల్వేవి, కాల్చేది రాష్ట్ర సంస్థ. సింగరేణి లాంటి గనికి రాష్ట్రం డబ్బు ఆలస్యంగా కడితే రేకులు తగ్గుతాయి. 2021 అక్టోబరు కొరత తర్వాత నిల్వ నియమాలు మార్చారు: గని దగ్గరి కేంద్రాలకు 12 నుంచి 17 రోజులు, దూరంవాటికి 20 నుంచి 26 రోజులు. ఆ నిల్వకు పెట్టిన డబ్బు మీద వడ్డీ కూడా టారిఫ్‌లోకే వస్తుంది.

పన్ను కూడా విధానమే. బొగ్గు మీద టన్నుకు 2010లో 50 రూపాయల సెస్సు, 2016కి 400. యూనిట్‌కు 27 పైసలు. 2025 సెప్టెంబరులో సెస్సు తీసేసి జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు. 1,500 రూపాయల టన్నుకు అదనపు జీఎస్టీ 195, పోయిన సెస్సు 400, నికరంగా 14 పైసల దాకా తగ్గుతుంది. విద్యుత్ మంత్రిత్వ శాఖ ప్రమేయం లేకుండానే జీఎస్టీ మండలిలో బొగ్గు, సోలార్‌ల మధ్య తూకం మారింది.

హెబ్బాళ మాధవి

చమురు సంగతి ఎవరూ ఎత్తలేదు?

గోదారి గ్యాస్

అక్కడ విధానం ముఖ్యంగా దిగుమతుల భద్రత గురించి. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటిదే. వ్యూహాత్మక నిల్వలు విశాఖలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షలు, నిండా నింపితే సుమారు తొమ్మిదిన్నర రోజుల అవసరం. చమురు కంపెనీల సొంత నిల్వలు దానికి అదనం. మూడూ దక్షిణ తీరంలోనే ఉన్నాయని గమనించండి.

యశవంతపుర రవి

వేరే దేశాలను చూస్తే, జపాన్ 2002 చట్టంతో ఒకే ప్రాథమిక ఇంధన ప్రణాళికను కనీసం మూడేళ్లకోసారి సమీక్షించాలని పెట్టుకుంది. ఏడోది 2025 ఫిబ్రవరిలో వచ్చింది. యూరప్‌లో 2018 నాటి నిబంధన ప్రకారం ప్రతి సభ్యదేశం పదేళ్ల ఇంధన, వాతావరణ ప్రణాళిక ఇస్తే కమిషన్ వ్యాఖ్యలు రాస్తుంది. మనకు అలాంటి గడువు 3(4) కింద విద్యుత్ ప్రణాళికకే ఉంది. మొత్తం ఇంధనానికీ చట్టంలో గడువు పెట్టాలన్నది నా పట్టు. గడువు లేని ముసాయిదా ఏమవుతుందో 2017ది చూశాం.

టారిఫ్ సరస్వతి

మాధవి గారి మొదటి మాటకు వస్తాను, 36 పైసలు. అది దిల్లీ వేసింది కాదు, 2025 మార్చిలో కర్ణాటక విద్యుత్ నియంత్రణ సంఘం (కేఈఆర్‌సీ) ఆదేశం. ట్రాన్స్‌మిషన్, పంపిణీ సంస్థల ఉద్యోగుల పింఛనులో ప్రభుత్వ వాటాను వినియోగదారుల నుంచి వసూలు చేయడం. కేంద్రం విధానం మన ఇంటికి చేరే ద్వారం ఈ సంఘమే. చట్టం 86(4) ప్రకారం సంఘాలు జాతీయ విధానాన్ని, టారిఫ్ విధానాన్ని మార్గదర్శకంగా తీసుకోవాలి. డిస్కంలు తీసుకోవాల్సిన పునరుత్పాదక విద్యుత్ వాటా 2024-25కు 29.91 శాతం, 2029-30కి 43.33 శాతం అని కేంద్రం రాసింది, దాన్ని కొనుగోలు ప్రణాళికగా మార్చి ఖర్చు ఒప్పుకోవాల్సింది మళ్లీ ఇక్కడే.

జనానికి మాట్లాడే హక్కు ఉన్నది కూడా ఇక్కడే. 64వ సెక్షన్ ప్రకారం డిస్కం దరఖాస్తు సారాంశం పత్రికల్లో ప్రకటించాలి, అభ్యంతరాలు పరిశీలించి 120 రోజుల్లో ఆదేశం ఇవ్వాలి. దరఖాస్తులో ముందు కొనుగోలు ఖర్చు పట్టిక తీయండి, మొత్తం ఖర్చులో సింహభాగం అదే. ప్రతి కేంద్రానికీ స్థిర ఛార్జీ, ఇంధన ఛార్జీ విడిగా ఉంటాయి. ఒక్క యూనిట్ తీసుకోకుండా స్థిర ఛార్జీ కడుతున్న కేంద్రాలేవో చూసి, ఎందుకో అడగండి. తర్వాత సబ్సిడీ. గృహజ్యోతి లాంటి ఉచితాలకు 65వ సెక్షన్ కింద ప్రభుత్వం ముందుగానే డబ్బు కట్టాలి, కట్టకపోతే ఆ ఆదేశం అమలు కాదని చట్టమే చెప్తోంది. కట్టాల్సింది ఎంత, వచ్చింది ఎంత, నెలవారీగా అడగండి. ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, ఆ వడ్డీ మనదవుతుంది. వసూలు చేయని లోటును నియంత్రణ ఆస్తి అని పేరుపెట్టి ముందుకు జరిపే అలవాటు మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో గట్టిగానే చెప్పింది, గడువు పెట్టి తీర్చాలని.

హెబ్బాళ మాధవి

అభ్యంతరం రాయడానికి లాయరు కావాలా?

టారిఫ్ సరస్వతి

అక్కర్లేదు. పేరు, చిరునామా, ఆర్‌ఆర్ నంబరు (బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరు), అభ్యంతరం ఏ పేజీ ఏ పట్టిక మీదో, మీరు కోరే మార్పు. ప్రకటనలో చెప్పిన ప్రమాణపత్రం జతచేసి, గడువులోపు సంఘానికీ డిస్కంకూ చెరో ప్రతి. విచారణలో మాట్లాడాలనుకుంటే ఆ మాట అందులోనే రాయాలి. "ఛార్జీలు పెంచొద్దు" అని మాత్రమే రాస్తే ఆదేశంలో ఒక వాక్యంతో పోతుంది. పట్టిక నంబరుతో అడిగితే డిస్కం లిఖితపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబూ దాని మీద సంఘం అభిప్రాయమూ ఆదేశంలో అచ్చవుతాయి.

సుబ్బలక్ష్మి కె.

ఒకటి కలుపుతాను. పంపుసెట్ల వాడకం అంచనాకు తీసుకున్న నమూనా ఫీడర్ల జాబితా, నెలనెలా రీడింగులు ఇవ్వమని తప్పకుండా అడగండి. పదిమంది వేరువేరు తాలూకాల ఫీడర్ల మీద అడిగితే ఇంకా మంచిది.